మీ నాయనకు వినపడేట్ల వాయించు

చెన్నై

అమ్మీ,

నీ జాబు అందింది. డిగ్రీ అయినాక చెన్నైకి వచ్చి సెషన్ గిటారిస్టునైతా, కోరస్ కూడా పాడతా అని రాసినావు. మీ నాయన ఫోన్ చేసి నన్నే తిట్టినాడు, నీ బుద్ధే దానికీ వచ్చిందని. వాని తిట్లు నాకు పాతవే.

ముందు నొటేషన్ చదవడం నేర్చుకో. సిగ్గు విడిచి చెప్తా ఉండా. చెవి బాగుంది కదా అనే ధైర్యంతో నా మొదటి కాల్‌షీటుకు పోయినా. ఆ రోజుల్లో అందరూ ఒకే హాల్లో కూర్చొని వాయించాల. ఒకడు తప్పితే అందరూ మొదటికి. వయొలిన్లోళ్లు కాగితం చూసి గడగడా వాయిస్తా ఉంటే, నేను పక్కనోని ఎడమచెయ్యి చూసి కార్డ్ పట్టుకుంటా ఉండా. మూడోసారి తప్పినాక నా మైకు కట్టేయమన్నారు. పాట అయ్యేదాకా వాయిస్తానే ఉండా, ఎవరికీ వినపడకుండా.

మదనపల్లె పిల్లకు నొటేషన్ రాదంటే ఎట్ల? 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మన బీసెంట్ కాలేజీలో దిగినప్పుడు, జనగణమన వరసను స్వరాలుగా కాగితమ్మీద పెట్టింది ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్. ఐర్లాండులో సంగీతం చదువుకొని వచ్చినామె. పాట ఆయనది, ఆమె చేసింది మన పని.

ఇళయరాజా కూడా సలీల్ చౌధురికి గిటార్ వాయించినాడు, రెహమాన్ రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినాడు అని నీకు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నిజమే. వాళ్ల పక్క కుర్చీలో కూర్చున్నోళ్లు రిటైరయ్యేదాకా అదే కుర్చీలో ఉండారు. ఆ కుర్చీ నీకు ఇష్టమైతేనే రా.

రాక్ పాటకు ఒకే రిథమ్‌ను రెండుసార్లు వాయించమంటారు, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడికి. మొదటిదాన్నే కాపీ చేసి పెడితే రెండూ ఒకటై నడిమధ్యకొచ్చి కూర్చుంటాయి. అందుకే అదే బలంతో, అదే విడుపుతో మళ్లా వాయించాల. నీ సోలోల కంటే ఇది కష్టం. ఇంట్లో క్లిక్ పెట్టుకొని చేసి చూడు, ఏడుపొస్తుంది.

కోరస్‌లో నీ గొంతు ఇదీ అని తెలిసిందంటే తప్పు చేసినట్టే. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా, నలుగురూ ఆ అచ్చును ఒకేచోట కొయ్యాల. సున్నా వస్తే నాలుగు నోళ్లూ ఒక్కసారే మూతపడాల. నలుగురూ ‘స’ గట్టిగా పలికితే పాము బుస కొట్టినట్టుంటుంది. దాన్ని అసలు గాయనికి వదిలేసి నువ్వు మెత్తగా దాటెయ్.

ఇంగ పేరు సంగతి. 2012లో కాపీరైట్ చట్టం సవరించినప్పుడు, సినిమాలో ఏదో కొంచెం చేసి, టైటిల్స్‌లో సైతం పేరు పడే ఆనవాయితీ లేనోళ్లను చేసినదాన్ని వంకర చేసి చెడగొడితే అడ్డుకునే హక్కు వరకు తప్ప కళాకారులుగా లెక్కించరాదని రాసినారు. కాబట్టి పేరు వెయ్యమని వాయించక ముందే అడుగు, వాట్సప్‌లోనైనా రాయించుకో. వాయించినాక అడిగితే నవ్వుతారు. నన్ను చూసి నవ్వినారు.

నా పాత స్టాండు, నొటేషన్ పుస్తకం పార్శిల్ వేసినా. పుస్తకంలో పెన్సిల్ గీతలు చెరపొద్దు, నేను తప్పిన చోట్లవి. మొదటి ఇరవై పాఠాలు నెలలో వాయించి పంపు. తలుపేసుకోబాకు, మీ నాయనకు వినపడేట్ల వాయించు.

పెద్దనాయన