సరుకు చేయి మారినప్పుడల్లా ఒక కాగితం
ఆహార భద్రతా చట్టం – రైతులు, వ్యాపారులు తెలుసుకోవలసిన విషయాలు

మీరు బ్యాంకు రుణంతో కిరాణా దుకాణం పెట్టినా, నూనె గానుగ నడిపినా, మిరపకాయలు కొని పట్టణానికి పంపినా, ఆహార భద్రతా చట్టం మీకు వర్తిస్తుంది. రుణపత్రంపై సంతకం చేసేటప్పుడు వడ్డీని, వాయిదాలను అందరూ సరిచూసుకుంటారు. అయితే కల్తీ ఉన్నదన్న కారణంగా దుకాణంలోని సరుకు జప్తు అయినచో వాయిదా ఎక్కడి నుండి చెల్లించగలరు? కావున ప్రభుత్వం స్వదేశీ ఆహారాన్నీ, విదేశాల నుండి వచ్చే ఆహారాన్నీ ఏ విధంగా తనిఖీ చేయునో తెలుసుకొనుట మీకు అవసరం.

బడ్జ్ బడ్జ్ తీరం నేర్పే పాఠం

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ నది తూర్పు గట్టున బడ్జ్ బడ్జ్ అనే రేవు పట్టణం కలదు. 1886 నాటికే ఇక్కడ ఖనిజ తైలాలు దించుటకు ఏర్పాట్లు జరిగినవి. హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో పనికి వెళ్ళిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రాంతం పరిచితమే. బడ్జ్ బడ్జ్ నేటికీ ముఖ్యంగా పెట్రోలియం సరుకుల రేవు. ఇదే రేవు సంస్థ ఆధీనంలో, నదికి మరింత దిగువన ఉన్న హల్దియాలో విదేశీ వంటనూనె ఓడల నుండి దిగుతుంది. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అయినదే.

తినదగిన నూనె, తినరాని నూనె కంటికి ఒకే తీరుగా కనిపించవచ్చు. ఈ రెంటి మధ్య భేదం చెరిగినచో ఏమగునో బడ్జ్ బడ్జ్‌కు పొరుగున ఉన్న బేహాలా వాసులు 1988 జూలైలో చవిచూశారు. వారు వంటకు వాడిన ఆవజాతి నూనెలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే పారిశ్రామిక రసాయనం కలిసి ఉన్నది. దీని విషలక్షణం వెంటనే బయటపడదు. కొన్ని రోజులు గడిచిన తరువాత పిక్కలలో నొప్పి, పిమ్మట కాళ్ళు చేతులు పట్టు తప్పుట మొదలగును. నిన్నటి వరకు నడిచినవారు మంచం పట్టారు.

విదేశాలలోనూ ఇట్టి ఘటనలు జరిగినవి. 1981లో స్పెయిన్ దేశానికి పరిశ్రమల వాడకం కొరకు దిగుమతి అయిన నూనెను, అది తినుటకు పనికిరాకుండునట్లు అనిలిన్ కలిపినదైనప్పటికీ, కొందరు శుద్ధి చేసి వంటనూనెగా అమ్మారు. 20 వేల మందికి పైగా వ్యాధిగ్రస్తులైనారు. వందల మంది మరణించారు. ఒక పని కొరకు దిగిన సరుకు, మధ్యలో చేతులు మారి, మరొక పనికి అమ్ముడుపోవుటయే ఇక్కడ జరిగిన అనర్థం.

అందువలన అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ అయిన కోడెక్స్ 1987లో వంటనూనెల నిల్వకు, రవాణాకు ఒక నియమావళిని రూపొందించింది. ఓడలోని ట్యాంకులో ఇంతకుముందు ఏ సరుకు ఉండెనో నమోదు చేయవలెననుట అందులో ముఖ్యమైన అంశం. మన చట్టం ఈ జాగ్రత్తను గ్రామం వరకు తెచ్చినది. ఒకసారి వాడిన రేకు డబ్బాలో తిరిగి వంటనూనె నింపి అమ్మరాదు. సీలు, లేబులు లేని విడి నూనెను కూడా, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయించిననే తప్ప, అమ్మరాదు.

రేవులో తనిఖీ

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చినది. 2011 ఆగస్టు 5 నుండి దాని నిబంధనలు అమలులోనికి వచ్చినవి. దిగుమతులకు 2017లో వేరుగా నిబంధనలు చేశారు. వాటి ప్రకారం దిగుమతిదారుకు లైసెన్సు ఉండవలెను. అధికారి మొదట పత్రాలను పరిశీలించి, తరువాత సరుకును చూచి, అవసరమైనచో రెండు నమూనాలు తీయును. ఒకటి ప్రయోగశాలకు పంపి, రెండవది భద్రపరచును. సరుకు ప్రమాణానికి సరిపోయినచో అభ్యంతరం లేదని ధ్రువపత్రం ఇచ్చును. సరిపోనిచో దిగుమతిదారు 15 రోజులలో అప్పీలు చేసుకొనవచ్చును. అప్పుడు రెండవ నమూనా రిఫరల్ ప్రయోగశాలకు వెళ్ళును. కోల్‌కతాలోని జాతీయ ఆహార ప్రయోగశాల అట్టివాటిలో ఒకటి. అక్కడను విఫలమైన సరుకును వెనుకకు పంపవలెను, లేదా నాశనం చేయవలెను.

దుకాణంలో తనిఖీ

స్వదేశీ సరుకు విషయంలో ఆహార భద్రతా అధికారి మీ దుకాణానికి వచ్చి, వ్రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, ధర చెల్లించి నమూనా తీసుకొనును. దానిని నాలుగు భాగాలు చేయును. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు పై అధికారికి చేరును. నాలుగవ భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని అడుగు హక్కు మీకు కలదు. ఈ హక్కును చాలా మంది ఎరుగక వదులుకొనుచున్నారు. అనలిస్టు నివేదికపై 30 రోజులలో అప్పీలు కూడా చేసుకొనవచ్చును.

నాసిరకపు సరుకు అమ్మినచో 5 లక్షల రూపాయల వరకు, తప్పుడు లేబులుకు 3 లక్షల వరకు జరిమానా కలదు. హానికరమైన ఆహారం వలన ప్రాణం పోయినచో కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవ కారాగార శిక్ష, 10 లక్షలకు తగ్గని జరిమానా విధించవచ్చును.

రైతుకు గల మినహాయింపు

చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం రైతుకు, జాలరికి, పొలం వద్ద పండిన పంటకు ఈ చట్టం వర్తించదు. ధాన్యం కళ్ళంలో ఉన్నంతవరకు మీకు లైసెన్సు అక్కరలేదు. కాని అదే రైతు మిరపకాయలను కారం పట్టించి, పొట్లాలు కట్టి అమ్మినచో ఆహార వ్యాపారి అగును. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్, పెద్దవారికి లైసెన్సు అవసరం.

ఒకరి తప్పు అందరినీ బాధించును. 2003లో భారతదేశపు మిరప ఉత్పత్తులలో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు ఉన్నట్లు ఫ్రాన్సులో బయటపడగా, ఆ రంగు లేదని పరీక్షా నివేదిక చూపని మిరప సరుకును ఐరోపా సంఘం నిలిపివేసినది. రంగు కలిపినవారు కొందరు. ఆ భారం మాత్రం నిజాయితీగా పండించిన రైతులందరిపైనా పడినది.

బిల్లే మీకు రక్ష

ఒక వ్యాపారి మరొకరికి ఆహార పదార్థం అమ్మునప్పుడు దాని స్వభావం, నాణ్యత గురించి వ్రాతపూర్వకమైన హామీ ఇవ్వవలెనని 26వ సెక్షన్ చెప్పుచున్నది. బిల్లు గాని, క్యాష్ మెమో గాని, ఇన్వాయిసు గాని ఆ హామీగానే పరిగణింపబడును. ఎవరి వద్ద కొన్నదో చూపలేని సరుకునకు 27వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడే బాధ్యుడు. రెండు రూపాయలు తగ్గునని బిల్లు లేకుండ కొన్న డబ్బాలో దోషమున్నచో, దానిని మీకు అమ్మినవాని పేరు చూపలేరు. నేరం మీ మెడకే చుట్టుకొనును. బ్యాంకుకు తాకట్టు చూపిన సరుకు జప్తులో పోయినను అప్పు తీరదు.

గుర్తుంచుకోవలసినవి

1. ప్రతి కొనుగోలుకు బిల్లు తీసుకొని, స్టాకు రిజిస్టరుతో పాటు భద్రపరచండి.
2. సీలు విప్పిన డబ్బా, లేబులు లేని నూనె కొనవద్దు. పాత డబ్బాలో నూనె నింపవద్దు.
3. కిరోసిన్, పురుగుమందులు ఆహార పదార్థాలకు దూరంగా వేరొక గదిలో ఉంచండి.
4. గడువు తేదీ దాటిన సరుకును వేరు చేయండి.
5. నమూనా తీయునప్పుడు నాలుగవ భాగం గురించి అడగండి.

రేవులోని అధికారి ట్యాంకులో ఇంతకుముందు ఏ సరుకు ఉండెనని అడుగును. మీరును డబ్బా కొనునప్పుడు ఇది ఎక్కడి నుండి వచ్చినదని అడగండి. జవాబును కాగితంపై తీసుకోండి.