రైలు గేటు – సిగ్నలుతో దాని ముడి

రైలుమార్గాన్ని రోడ్డు అదే మట్టంలో దాటే చోటు లెవెల్ క్రాసింగ్. తెలుగువారికి అది రైలు గేటు, ఉర్దూ మిత్రులకు ఫాటక్. పట్టాల ప్రక్కన పసుపుపచ్చ పలకపై కనిపించే ‘సీ/ఫా’ అనే నాగరి అక్షరాల అర్థమూ ఇదే: సీటీ, ఫాటక్. ముందు గేటు ఉన్నది, కూత వేయుమని డ్రైవరుకు సూచన.

రైలు జాడే లేదు, గేటు ఇంత ముందుగా ఎందుకు వేశారని మనము విసుగుకొంటాము. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు సుమారు 28 మీటర్లు సాగుతుంది. అర కిలోమీటరు దూరాన కనిపించినది 18 సెకన్లలో మన ముందుంటుంది. ఇనుప పట్టాపై ఇనుప చక్రానికి పట్టు తక్కువ; బ్రేకు వేసినా అది నిలవడానికి ఇంచుమించు కిలోమీటరు దూరం కావలసి రావచ్చు. పైగా, ఎదురుగా వచ్చే పెద్ద వస్తువు ఉన్న వేగంకంటె మెల్లగా వస్తున్నట్లు కంటికి తోస్తుంది.

ఈ ఏర్పాటులో ప్రాణప్రదమైనది ఇంటర్‌లాకింగ్, అనగా గేటుకూ సిగ్నలుకూ వేసిన ముడి. గేటు పూర్తిగా మూసి తాళం పడితేనే గాని సిగ్నలు రైలుకు దారి ఇవ్వదు. దారి ఇచ్చిన పిదప రైలు దాటిపోయేవరకు గేటు తెరుచుకొనదు. గేట్‌మన్‌ను బ్రతిమాలినా, తిట్టినా (రెండూ మనము చూస్తూనే ఉన్నాము) ఫలితం ఉండదు. దిగుతున్న గేటు క్రింద ఒక స్కూటరు దూరితే మూత ఆలస్యమవుతుంది; అక్కడ ఎర్ర సిగ్నలు ఎదుట రైలు నిలిచిపోతుంది. ‘జి’ గుర్తు గల గేటు సిగ్నలైతే డ్రైవరు పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఆపై మెల్లగా గేటుదాకా రావాలి.

ఈ ముడి లేనిచోట స్టేషన్ మాస్టరుకూ గేట్‌మన్‌కూ మధ్య టెలిఫోన్ మాటయే ఆధారం. 2025 జూలై 8న తమిళనాడు కడలూరు జిల్లా సెమ్మంకుప్పంలో బడి వ్యానును రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు మరణించిన గేటు అటువంటిదే. కాపలా ఉన్నది, ముడి లేదు.

మన మెదక్ జిల్లా మాసాయిపేటలో అసలు కాపలాయే లేదు. 2014 జూలై 24న అక్కడ బడి బస్సులోని పదిమందికి పైగా పిల్లలు బలియైనారు. అటువంటి చోట బండి ఆపి, ఒకరు దిగి పట్టాలదాకా నడిచి, ఇరువైపుల చూచి దాటించవలెనని 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెబుతున్నది. బ్రాడ్‌గేజ్ మార్గాలలో కాపలా లేని గేట్లు 2019 జనవరి నాటికి లేకుండా పోయినవి. మూసిన గేటును అనుమతి లేక తెరిచినవారికి 1989 రైల్వే చట్టం మూడేండ్ల వరకు శిక్ష విధించినది.

రోజుకు నడిచే రైళ్ల సంఖ్యను రోడ్డు వాహనాల సంఖ్యతో హెచ్చవేసి, అది లక్ష దాటినచోట వంతెనను ఆలోచిస్తారు. 50 రైళ్లు, 2,000 వాహనాలు చాలు. చిన్న గేట్లకు బదులుగా పట్టాల క్రింది దారులు త్రవ్వుతున్నారు. వానలు పడితే వాటిలో నీరు నిలుస్తుంది; మోకాటిలోతు నీటిలో సైకిలు నెట్టుకొంటూ మొదటి పీరియడుకు ఆలస్యంగా వచ్చేవారు మనలోనే ఉన్నారు.