చిన్న పరిశ్రమలో పనుల ప్రణాళిక – కంప్యూటర్ సాయం

దాహమైనప్పుడు బావి తవ్వడం మనకు అలవాటైన పద్ధతి. చేలల్లో పత్తి కాయ పగిలి, ట్రాలీలు మార్కెట్ దారి పట్టిన తరువాత మిల్లులో యంత్రాలు విప్పడం కూడా ఆ కోవలోనిదే. పెద్ద కంపెనీలలో పనులను ఒక వరుసలో పెట్టడానికి ప్రత్యేకమైన ఉద్యోగులుంటారు, ఖరీదైన సాఫ్ట్‌వేర్లుంటాయి. పది పదిహేను మందితో నడిచే చిన్న పరిశ్రమ సంగతేమిటి? దానికి ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది, దాన్ని ఎట్లా వాడుకోవాలి అన్న విషయాన్ని నాకు తెలిసినంతలో తోటి విద్యార్థుల ముందుంచుతున్నాను.

మా జమ్మికుంట కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉన్న ఊరు. పత్తి మార్కెట్‌కు పేరుపడ్డది. చుట్టూ జిన్నింగ్ మిల్లులు, రైసు మిల్లులు, వెల్డింగ్ షెడ్లు ఉన్నాయి. నేను పత్తి పండించే ఇంటి నుండి వచ్చినవాణ్ణి. ఒక సంవత్సరం మా పత్తి ఒక మిల్లు గేటు ముందర రెండు రాత్రులు ట్రాలీలోనే ఉండిపోయింది. కారణం అడిగితే, ఏదో సామాను రాలేదన్నారు. ఆ రెండు రాత్రులు మా నాయిన నిద్రపోలేదు. మబ్బు పట్టినప్పుడల్లా లేచి టార్పాలిన్ సర్దిండు.

ఇందులో నష్టం ఎట్లా వస్తుందో తెలియనివారి కోసం చెబుతాను. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధరకు కొనేటప్పుడు పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం వరకు, పెరిగిన తేమకు తగ్గట్టు ధర కోస్తుంది. 12 దాటితే కొనదు. మంచుకో వానకో తడిసిన పత్తి మీద ఆ కోత పడేది రైతుకే. తెలంగాణలో కొనుగోలు కేంద్రాలు చాలావరకు జిన్నింగ్ మిల్లులలోనే ఉంటాయి గనుక, మిల్లు తయారుగా లేకపోవడమంటే రైతుకు ఒక వాకిలి మూసుకుపోవడమే.

ఈ శాస్త్రం ఎక్కడిది?

ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో అడ్డగీతలతో చూపే పటాన్ని 1910ల నాటికి హెన్రీ గాంట్ అనే అమెరికన్ ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చాడు. అదే గాంట్ చార్టు. 1957లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పర్ట్ అనే పద్ధతిని తెచ్చింది. ఈనాటి సాఫ్ట్‌వేర్లు ఎన్ని రంగులు చూపినా, వాటి అడుగున ఉన్న లెక్క చాలావరకు ఇదే.

ఒక ఉదాహరణ

ఒక జిన్నింగ్ మిల్లును సీజనుకు సిద్ధం చేయాలనుకుందాం. రోజుల లెక్క నేను ఊహించుకున్నది. యంత్రాలు విప్పి చూడటానికి 3 రోజులు. ఆ తరువాత విడిభాగాలు తెప్పించడానికి 12 రోజులు. అవి వచ్చాక రోలర్లు, కత్తులు బిగించడానికి 6 రోజులు. మోటార్లు, వైరింగు సరిచేయడానికి 7 రోజులు. దీన్ని యంత్రాలు విప్పి చూసిన వెంటనే మొదలుపెట్టవచ్చు. షెడ్డు రేకులకు 10 రోజులు. ఇది దేనికోసమూ ఆగనక్కరలేదు. అన్నీ అయిన తరువాత 2 రోజులు ట్రయల్.

అన్నీ కూడితే 40 రోజులు. కాని కొన్ని పనులు పక్కపక్కనే జరుగుతాయి కదా! విప్పడం, సామాను, బిగింపు, ట్రయల్ అనే దారిలో 3+12+6+2, అంటే 23 రోజులు పడతాయి. వైరింగు దారిలో 12, రేకుల దారిలోనూ 12 రోజులే. అన్నిటికన్నా పొడుగైన ఆ 23 రోజుల దారే క్రిటికల్ పాత్. రేకుల పనివాళ్లను ఎంత తొందరపెట్టినా మిల్లు ఒక్క రోజు కూడా ముందు తెరుచుకోదు. ఆ పని 11 రోజులు ఆలస్యమైనా నష్టం లేదు. అదే సామాను ఒక్క రోజు ఆలస్యమైతే మిల్లు ఒక రోజు ఆలస్యమవుతుంది.

ఇప్పుడు అసలు లాభం చూడండి. ఏటేటా అరిగే భాగాలేవో ఫిట్టరుకు ముందే తెలుసు. విప్పి చూసేదాకా ఆగకుండా మొదటి రోజే వాటిని ఆర్డరు పెడితే దారి 12+6+2, అంటే 20 రోజులకు దిగుతుంది. అదనంగా పైసా ఖర్చు లేకుండా మూడు రోజులు మిగిలాయి. రోజుకు 500 క్వింటాళ్ల పత్తి ఆడే మిల్లయితే అది 1,500 క్వింటాళ్లు. పత్తిలో దూది సుమారు మూడో వంతు, బేలు 170 కిలోలు. అంటే ఇంచుమించు 300 బేళ్ల పని!

ఎంపిక ఎట్లా?

మొదట పనులన్నీ కాగితం మీద రాయాలి. రాయడం రాని పనిని ఏ సాఫ్ట్‌వేరూ నడపలేదు. పనులు ఇరవై ముప్పైకి మించకపోతే, ఫోనులో నలుగురూ చూడగల ఎక్సెల్ వంటి షీటు చాలు. ఒకే రకం ఆర్డర్లు వస్తూ పోతూ ఉండే షెడ్డుకు ‘చేయాలి – నడుస్తున్నది – అయిపోయింది’ అనే మూడు గళ్ల బోర్డు బాగుంటుంది. 2011లో వచ్చిన ట్రెల్లో ఈ రకానిది. ఒక పని మీద మరొక పని ఆధారపడి ఉంటే గాంట్ చార్టు గీసేది కావాలి. గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రె అనేవి ఉచితంగా దొరుకుతాయి. మన దేశపు జోహో సంస్థదీ, మైక్రోసాఫ్ట్‌దీ ఉన్నాయి.

కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. తెలుగులో రాసుకోవచ్చునా? నెట్‌వర్క్ లేనప్పుడు కూడా తెరుచుకుంటుందా? రేపు మానుకుంటే మన లెక్కలు మన చేతికి వస్తాయా? ఏడాదికి మొత్తం ఎంత? తలకు నెలకు 500 రూపాయలంటే తక్కువే అనిపిస్తుంది. ఎనిమిది మందికి ఏడాదికి అది 48,000 అవుతుంది.

వాడకం ఎట్లా?

మా బావకు చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. ట్రాలీలు, గేట్లు చేస్తాడు. సాఫ్ట్‌వేర్ సంగతి ఎత్తితే, “గీ కంప్యూటర్ల ముచ్చట నాకెందుకు బామ్మర్దీ, లెక్కంత నా మతిలనే ఉన్నది” అన్నాడు. “నీ మతిల ఉన్నది నీ పనివాళ్లకెట్ల తెలుస్తది బావా?” అన్నాను. ఫోనులో ఐదు నిలువు గళ్లతో ఒక తెలుగు షీటు చేసి ఇచ్చాను: పని, ఎవరు, దేనికోసం ఆగింది, చెప్పిన తేదీ, అయిన తేదీ. రెండు నెలలు రాసిన తరువాత తేలిందేమంటే, పనులు ఆగుతున్నది మనుషులు సోమరులై కాదు, ఇనుము సమయానికి రాక. ఇప్పుడు అడ్వాన్సు అందిన రోజే ఇనుము చెబుతున్నాడు. రైతుకు “రేపు, ఎల్లుండి” అనకుండా ఒక తేదీ చెబుతున్నాడు.

నేను గమనించిన నియమాలు కొన్ని ఉన్నాయి. షీటు బాధ్యత ఒక్కరిదే కావాలి. పొద్దున పది నిమిషాలు అందరూ దాన్ని చూడాలి. ‘తొంభై శాతం అయింది’ అన్న మాట రాయకూడదు. అయిందా, కాలేదా అంతే. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆలస్యమైందని నిజం చెప్పిన పనివాణ్ణి తిట్టకూడదు. ఒకసారి తిడితే మరుసటి రోజు నుండి అబద్ధం రాస్తాడు. అబద్ధం నిండిన చార్టు కన్నా ఖాళీ గోడ నయం.

మనలో చాలామందిమి పల్లెల నుండి వచ్చి లెక్కలు, సైన్సు చదువుతున్నవాళ్లం. సెలవులలో ఇంటికి పోయినప్పుడు తెలిసిన మిల్లులోనో షెడ్డులోనో ఒక్క పూట కూర్చొని, వాళ్ల పనులను వరుసగా రాసి, పొడుగైన దారి ఏదో చూపించగలిగితే మన చదువు కొంత సార్థకమవుతుంది. దానికి కావలసినవి ఒక కాగితం, పెన్సిలు, కూడిక. సాఫ్ట్‌వేర్ ఆ తరువాతి మాట.