పెరటి బాతులకు కావలి

కొల్లేటి చుట్టుప్రక్కల గ్రామములలోను, డెల్టా కాలువల వెంబడి నున్న యూళ్లలోను, పెరటియందు నాలుగైదు బాతులను పెంచుకొను కుటుంబములు కలవు. వరికోతలైన పిదప వందలకొలది బాతులను చేలలో మేపుచు ఊరినుండి ఊరికి తరలిపోవు బాతులవారి సంగతి వేరు. వారి మందవెంట రాత్రింబవళ్లు మనిషి యుండును. పెరటి బాతునకు అట్టి కాపరి లేడు. ఇంటివారు ఏమరినచో దానిని రక్షించువారే లేరు.

నాకు పదియేండ్ల వయస్సున మా యింట ఆరు బాతులుండెను. వాని గ్రుడ్లను అమ్మి మా యమ్మ నాకు పుస్తకములు కొనుచుండెను. సాయంకాలము వానిని గూటిలోనికి తోలి తలుపు మూయుట నా పని. ఒకనాటి యుదయమున లేచి చూడగా రెండు బాతులు లేవు. మూడవది మెడ కొరుకబడి గూటివాకిట పడియుండెను. కంచెలో ముంగిస తిరుగుచుండుటను అందరును చూచియుండిరి గనుక నేరము దానిమీదనే పడెను. నేనును నా స్నేహితులును ఉచ్చు పన్ని మూడవనాడు దానిని చంపితిమి. మరునాటి రాత్రియే మరియొక బాతు పోయెను.

అప్పుడు మా అమ్మమ్మ పొయ్యిలోని బూడిదను జల్లించి గూటివాకిట పలుచగా పరచెను. ఆ రాత్రి తలుపు ఆమెయే బిగించెను. ఉదయమున బూడిదలో పెద్ద పెద్ద యడుగులు, గోళ్ల గుర్తులతో సహా, స్పష్టముగా కనబడెను. అవి మేము దినదినమును మిగిలిన యన్నము పెట్టుచుండిన వీధికుక్క యడుగులు. తలుపునకు ఉన్నది ఒక త్రాటి ముడి మాత్రమే. ఆడుకొనుటకు పోవు తొందరలో నేను తలుపు దగ్గరకు వేసి, ముడివేయకయే, "మూసితిని" అని చెప్పుచుంటిని. ముంగిస పగలు సంచరించి రాత్రి బొరియలో నిద్రించు జంతువని నేను పాఠశాలలో తరువాత చదువుకొంటిని. రాత్రి జరిగిన హత్యకు పగటి జంతువును శిక్షించితిమి! ఈ సంగతి మా యమ్మతో చెప్పుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

బాతు ఇంత నిస్సహాయమగుటకు కారణము కలదు. సీమబాతు తప్ప తక్కిన పెంపుడు బాతులన్నియు మల్లార్డు అను అడవిబాతు సంతతివే. మల్లార్డు చక్కగా ఎగురును. మనుష్యుడు గ్రుడ్లకొరకును మాంసముకొరకును తరతరములుగా పెంచుటచే పెంపుడు బాతు బరువెక్కి యెగురు శక్తిని చాలవరకు కోల్పోయినది. కోడి చీకటి పడగానే గూటికి వచ్చి దూలముపై నెక్కి కూర్చుండును. బాతు నేలమీదనే పండుకొనును. పిలువనిచో కాలువలోనే యుండిపోవును. అయినను దాని నిద్రలో పూర్వపు జాగ్రత్త కొంత మిగిలియున్నదేమో. 1999 లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, వరుసగా నిద్రించు మల్లార్డులలో చివరల నున్నవి తరచుగా బయటివైపు కంటిని తెరచియుంచి, మెదడులో సగముతో మాత్రమే నిద్రించుచున్నట్లు తేలినది. అట్లు కావలి యున్న బాతు కేక వేయగలదు గాని, గూటిలో చిక్కినప్పుడు ఎక్కడికి పోగలదు?

శత్రువు ఎవరో తెలియనిదే రక్షణ కుదురదు. కుక్కలు ఆకలి లేకున్నను కొరికి, అనేక బాతులను చంపి విడిచిపోవుట కలదు. నక్క యొకదానిని నోట కరచుకొని పొదలలోనికి పోవును. ఈకల జాడ తప్ప మరేమియు దొరకదు. అడవిపిల్లి వేకువను, సందెవేళను వచ్చును. కాకినాడ యొద్ద కోరింగ మడ అడవులలో చేపలు పట్టు బావురుపిల్లి గలదు. నీటికి వెరవదు గనుక బాతు నీటిలో నున్నదను ధైర్యము దానియెదుట పనికిరాదు. పిల్లిజాతి యడుగులలో గోళ్ల గుర్తు సాధారణముగా కనబడదు. కుక్క, నక్కల యడుగులలో కనబడును. గ్రుడ్లు పెంకుతో సహా మాయమైనచో పామునో, ఉడుమునో, కాకినో అనుమానింపవచ్చును. గూటిప్రక్క క్రొత్తమట్టి కుప్పగా నున్నచో అది పందికొక్కు పని. (ఆంగ్లేయులు "బాండికూట్" అని వాడు పేరు మన పందికొక్కు నుండియే పోయినది. ఆస్ట్రేలియాలోని వేరొక జంతువునకు సైతము వారు ఆ పేరే పెట్టిరి.) బాతుపిల్లల విషయమున గద్దకును కాకికిని పగలంతయు వెరవవలెను.

ఇక గూటి సంగతి. ఒక్కొక్క బాతునకు మూడు నాలుగు చదరపుటడుగుల చోటు చాలును. ఆరుమూలల కన్నులుగల పలుచని కోళ్లవలను నమ్మరాదు. అది కోడిని లోపల నుంచునుగాని కుక్కను బయట నుంచజాలదు. అరంగుళము కన్నుగల గట్టి యినుపవల కావలెను. ఆ వలనే గోడ మొదటనుండి బయటివైపునకు ఒక అడుగు వెడల్పున నేలపై పరచి, పైన మట్టియు రాళ్లును కప్పినయెడల, గోడ మొదట త్రవ్వనారంభించు జంతువు గోళ్లకు వలయే తగులును. పందికొక్కు దూరమునుండి త్రవ్వుకొని వచ్చును గనుక గూటి నేల ఇటుకలతోనో సిమెంటుతోనో కట్టవలెను. బాతుల గూటిలో తేమ మెండు. కావున గాలికి కంతలు కప్పు దగ్గర విడిచి, వానికిని వల బిగించి, క్రింద ఊకగాని వరిగడ్డిగాని పరచి తరచు మార్చవలెను. తలుపునకు త్రాడు కాదు, గడియ వేయవలెను. ఆ గడియకు మేకు గ్రుచ్చవలెను. ఇందులో ధనవంతులకు మాత్రమే సాధ్యమైనది ఏదియు లేదు. పిల్లలు తిరుగు చోటిపై పాత చేపలవలను కట్టినను గద్ద దిగలేదు.

బాతులు సాధారణముగా తెల్లవారుజామున గ్రుడ్లు పెట్టును. అందుచే ఉదయము తొమ్మిది గంటలవరకు వానిని విడువకున్నచో గ్రుడ్లు గూటిలోనే దొరకును. వేకువను తిరుగు అడవిపిల్లి బాధయు తప్పును.

ఉచ్చులు పన్నుట, విషము పెట్టుట మాత్రము కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ముంగిసకును, అడవిపిల్లికిని, బావురుపిల్లికిని రక్షణ కల్పించినది. పైగా ముంగిస పెరటిలోని ఎలుకలను, పాములను తినుచుండును. మేము చంపినదియు అట్టి పనియే చేయుచుండెనేమో.

సాయంకాలపు మేతను ప్రతిదినమును ఒకే వేళకు గూటిలోనే పెట్టి, ఒకే విధముగా పిలిచినయెడల, కొలది దినములలోనే బాతులు పిలుపునకు వచ్చుట నేర్చును. తలుపు మూయుటకు ముందు వానిని లెక్కింపవలెను. లెక్క తగ్గినచో మరునాటికి విడువక, అప్పుడే దీపము పట్టుకొని కాలువగట్టునకు పోవలెను. తప్పిపోయిన బాతు తరచుగా రెల్లుపొదల మొదట, నీటియంచున, కదలక మెదలక కూర్చుండియుండును.