సూర్యుణ్ణి తూచే కాంటాలు

వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచే ముందు శూన్యాంశ దోషం చూడాలని ఇంటర్ ల్యాబ్‌లో చెబుతారు. ఇదే పని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూడా జరుగుతున్నది. ఆ సంగతి తెలుసుకుందాం.

ఆదిత్య-ఎల్1 నౌక 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుండి బయలుదేరి, 2024 జనవరి 6న ఎల్1 బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలో చేరింది. దానిలోని ఏడు పరికరాలలో 'సూట్' అనే టెలిస్కోపు ఒకటి. పుణెలోని ఐయూకా సంస్థ, ఇస్రో, మరికొన్ని సంస్థలు కలిసి దీనిని తయారుచేశాయి. ఇది 200 నుండి 400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో సూర్యుణ్ణి ఫోటో తీస్తుంది. ఆ కాంతిలో చాలా భాగాన్ని ఓజోన్ పొర అడ్డుకుంటుంది. కావున అంతరిక్షానికి పోక తప్పదు.

దీని కెమెరాలో సి.సి.డి. అనే చిప్ ఉంటుంది. దాని మీద 4096 వరుసలు, వరుసకు 4096 గడులు, మొత్తం 1,67,77,216. గడి మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు పుడతాయి. వాటిని లెక్కిస్తే చిత్రం వస్తుంది. ఒక్కొక్క గడినీ ఒక కాంటా అనుకోండి. అన్ని కాంటాలూ ఒకే తీరుగా తూగవు. అందుకే మూడు దిద్దుబాట్లు అవసరం.

మొదటిది: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు యార్డులలో పల్లికాయ బస్తా తూచేముందు ఖాళీ కాంటా సున్నా చూపుతున్నదా అని మన పెద్దలు చూస్తారు. చిప్ కూడా కాంతి లేకున్నా కొంత అంకె చూపుతుంది. దానిని 'బయాస్' అంటారు.

రెండవది: చిప్ వేడికి కూడా ఎలక్ట్రాన్లు పుడతాయి. ఇది గోనెసంచి బరువు వంటిది, తీసివేయాలి. ఇది తగ్గడానికే చిప్‌ను సుమారు మైనస్ 55 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు.

మూడవది: ఒకే కాంతికి ఒక గడి ఎక్కువ, మరొకటి తక్కువ చూపుతాయి. దీనిని పట్టుకోవడానికి సూట్‌లోనే 255, 355 నానోమీటర్ల ఎల్.ఇ.డి. దీపాలు అమర్చారు.

ఉదాహరణకు ఒక గడి 620, పక్క గడి 470 చూపాయనుకుందాం. రెండింటిలోనూ బయాస్, వేడి కలిపి 20 తీసేస్తే 600, 450 మిగులుతాయి. మొదటి గడి 1.2 రెట్లు, రెండవది 0.9 రెట్లు చూపేవైతే, భాగిస్తే రెండూ 500. అంటే సూర్యుడిలో తేడా లేదు, తేడా కాంటాలోనే ఉంది. దిద్దకుంటే చిప్ లోపాన్ని సూర్యుడి మీదికి నెట్టినట్టే. పైగా అంతరిక్ష కణాల తాకిడికి చిప్ మారుతుంటుంది. అక్కడికి మెకానిక్ పోలేడు. కావున ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేయవలసిందే.

మా ఇండ్లలో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. ఇలాంటి చదువులు హాస్టల్ పిల్లలకు అందవని అనేవారున్నారు. ఇందులోని లెక్క తీసివేత, భాగహారమే. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కొలత తప్పు వస్తే మీ తెలివిని అనుమానించే ముందు పరికరాన్ని ఒకసారి పరీక్షించండి. శాస్త్రం అక్కడే మొదలవుతుంది.