ఇంజను మార్చిన జీపునకు తగిన హెడరు



మన పాఠశాలలో చదివి నేడు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు ఇటీవల మాకు జాబు వ్రాసెను. అతడు పాత సి.జె.-7 జీపు నొకదానిని కొనెను. ఈ రకపు జీపులు 1976 నుండి 1986 వరకు తయారైనవి. అందలి పాత ఇంజనును తీసివేసి, షెవ్రొలే ట్రక్కులలో 1999 నుండి 2007 వరకు వాడిన 5.3 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజనును అందు అమర్చెను. డబ్బు చాలనందున, మిక్కిలి చౌకగా దొరికిన హెడర్ల జతను తెప్పించి బిగించెను. మూడవ కొండప్రయాణమున వాని ఫ్లాంజి వంగి, పొగ జీపులోనికి చొరబడెను. అతనికిని మిత్రునికిని తల తిరిగినది. సకాలమున దిగి బయటి గాలి పీల్చుటచే ప్రాణాపాయము తప్పినది.

“నేను ముందుగా ఏమి చూడవలసినది? మన పిల్లలకు చెప్పుడు” అని అతడు వ్రాసెను. ఆ జాబులోని విషయములను మా సైన్సు ఉపాధ్యాయులతో చర్చించి ఈ పాఠమును కూర్చితిమి. యంత్రముల సంగతులు తెలుగున చెప్పుట కుదరదని తలచువారు మన ప్రాంతమున కొందరు కలరు. వారును దీనిని చదువుదురుగాక.

హెడరు అనగా నేమి?

ఇంజను సిలిండరులో నాలుగు పనులు వరుసగా జరుగును: పీల్చుట, నొక్కుట, మండుట, వెడలగొట్టుట. ఈ నాలుగింటికి ఇంజను రెండు చుట్లు తిరుగును. కావున నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరు సెకనుకు 25 మార్లు పొగను వెడలగొట్టును.

కంపెనీవారు అమర్చు మానిఫోల్డు సాధారణముగా పోత ఇనుముతో చేసినది. అన్ని సిలిండర్ల పొగయు అందలి ఇరుకైన ఒకే దారిలో కలియును. హెడరులో నన్ననో, ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క ప్రత్యేక గొట్టముండును. ఆ గొట్టములన్నియు కొంత దూరము పోయి కలెక్టరు అను భాగమున చేరును. ఈ కలెక్టరు జిల్లా కలెక్టరు కాదు సుమా! తిరునాళ్లలో జనమంతయు ఒకే గుమ్మమువద్ద త్రోసికొనుటకును, వేర్వేరు వరుసలలో నడచి రాజవీథిలో కలియుటకును గల భేదమే ఈ రెంటికిని కలదు. ఒక తెర పొగ వేగముగా పోవునపుడు దాని వెనుక ఒత్తిడి తగ్గును. అది తరువాతి పొగను లాగుకొనును. హెడరు వలని లాభమిదియే.

మొదట చూడవలసినది చోటు

వెల చూచుటకు ముందు చోటు చూడవలెను. ఎనిమిది సిలిండర్లు ప్రక్కకు నాలుగు చొప్పున ఉండుటచే, రెండు ప్రక్కలకును రెండు హెడర్లు కావలెను. సి.జె.-7 లో ఎడమప్రక్క స్టీరింగు కడ్డీ దిగును; కుడిప్రక్క స్టార్టరు మోటారును, ముందు చక్రములను త్రిప్పు కడ్డీయు ఉండును. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండి, బరువు పడినపుడు ప్రక్కలకు ఊగును. కావున నిలిచియున్నపుడు తాకకున్నచో చాలదు, అంగుళమైనను ఎడమీయవలెను. ప్లగ్గు తీగలకును బ్రేకు గొట్టములకును వేడి తగులరాదు.

పొడుగు హెడర్లు బలమును కొంత పెంచును. కాని అవి చాసిస్ క్రిందికి వ్రేలాడును. రాళ్లదారిలో మొదటి దెబ్బ వానికే తగులును; ఎండు గడ్డిపై నిలిపినచో నిప్పంటుకొనవచ్చును. కొండలెక్కు బండికి ఇంజనును అంటియుండు పొట్టి హెడర్లే మేలు.

గొట్టముల వ్యాసము

లావు గొట్టము మంచిదని పలువురు భ్రమపడుదురు. 1⅝ అంగుళముల గొట్టము కన్న 1¾ అంగుళముల గొట్టపు వైశాల్యము నూటికి సుమారు 16 వంతులు ఎక్కువ. దారి వెడల్పయినకొలది పొగ వేగము తగ్గును; వేగము తగ్గినచో లాగు శక్తియు తగ్గును. పందెపు కారు ఎక్కువ చుట్లతో పరుగెత్తును. రాళ్లపై ప్రాకు జీపు తక్కువ చుట్లతో బరువు లాగును. కావున ఇట్టి జీపునకు సన్న గొట్టమే తగినది. సన్నది సాధారణముగా చౌకయును.

లోహము, మందము

మైల్డ్ స్టీలు చౌక. కాని త్రుప్పు పట్టును. దానికి వేడి తగ్గించు గుడ్డపట్టీ చుట్టినచో, తేమ లోపల నిలిచి మరింత త్వరగా చెడును. 304 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు త్రుప్పును బాగుగా తట్టుకొనును. కాని వేడికి ఎక్కువ సాగును. 60 సెంటీమీటర్ల గొట్టము 500 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగును. ఫ్లాంజి పలుచనిదైనచో ఈ సాగుడునకు వంగిపోవును. మన విద్యార్థి మోసపోయినది ఇచ్చటనే. ఫ్లాంజి 9 మిల్లీమీటర్లకు తగ్గని మందము కలిగియుండవలెను. దానిపై స్కేలు నిలిపి వెలుతురునకు ఎదురుగా చూడవలెను. సందు కనబడినచో తిరుగగొట్టవలెను. వెల్డింగు గొట్టము చుట్టును తెగక సాగియున్నదా యని చూడవలెను. మెరుగు చూచి మోసపోరాదు.

అన్నిటికంటె చౌకయైనది

ఇంజనుతో వచ్చిన పోత ఇనుము మానిఫోల్డు దేనిని తాకక జీపులో ఇమిడినచో, దానినే ఉంచుకొనుట ఉత్తమము. అది దళసరిది, సులభముగా వంగదు, ఖర్చు లేదు. తగ్గు బలము కొండదారిలో అంతగా తెలియదు. మిగిలిన సొమ్ముతో మంచి గ్యాస్కెట్లు, కొత్త బోల్టులు, గొట్టపు బరువును మోయు కొక్కెములు కొనవచ్చును.

బిగించిన పిదప

ఇంజను రెండు మూడు మార్లు వేడెక్కి చల్లారిన తరువాత బోల్టులను మరల బిగింపవలెను. చల్లని ఇంజను నడుపునపుడు టిక్కు టిక్కుమను శబ్దముగాని, ఫ్లాంజివద్ద నల్లని మసిగాని కనబడినచో పొగ కారుచున్నదని తెలియవలెను. ఆ సందున బయటి గాలి చొరబడి ఆక్సిజను సెన్సరును మోసగించును. కంప్యూటరు పెట్రోలు చాలలేదని తలచి మరింత పోయును. ఇంతకన్న ఘోరమైనది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ఆక్సిజను కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పియే దాని హెచ్చరిక.

మన దేశమున ఇంజను మార్చుటకు రవాణాశాఖ అనుమతి ముందుగా పొందవలెనని మరువరాదు.

చౌక అనగా తక్కువ వెలకు దొరకునది కాదు, రెండవమారు కొననక్కరలేనిది. ఆ విద్యార్థి నేడు తన ఇంజనుతో వచ్చిన పాత మానిఫోల్డునే బిగించుకొని, కిటికీలు తెరచుకొని కొండలకు పోవుచున్నాడు.

ప్రశ్నలు

1. నిమిషమునకు 2,400 చుట్లు తిరుగు ఇంజనులో ఒక సిలిండరు సెకనుకు ఎన్ని మార్లు పొగ వెడలగొట్టును?
2. కొండదారి జీపునకు లావు గొట్టముల హెడరు ఏల తగదు?
3. ఫ్లాంజి మందమునకును ప్రయాణికుల ప్రాణములకును గల సంబంధమును వివరింపుడు.