సూదిచికిత్స, సమ్మోహనచికిత్స

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, చక్కెరవ్యాధి. ఆక్యుపంక్చర్, హిప్నాటిజం చేయించవచ్చునా?
– ఒక పాఠకురాలు, వర్ని

జవాబు: చేయించవచ్చునమ్మా, వాడుచున్న మందులు మానకుండ. 2003 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ రెండింటిని స్వతంత్ర వైద్యశాస్త్రములుగా గాక చికిత్సావిధానములుగా గుర్తించి, రిజిస్టరైన వైద్యులును తగిన శిక్షణ గలవారును ఆచరింపవచ్చుననెను. మీ ప్రాంతపు నిజాంసాగరు కాలువ క్రింది మళ్లలో ఏండ్ల తరబడి నడుము వంచి నాట్లు వేసిన వారి అరిగిన కీళ్లను సూది బాగుచేయజాలదు గాని, బాధను కొంత తగ్గింపవచ్చును. సమ్మోహనము నొప్పివలని ఆందోళనను శమింపజేయవచ్చును. చక్కెర అదుపునకు మాత్రము ఇవి ఆధారములు కావు. సూదుల పొట్లము మీ కన్నులయెదుటనే విప్పవలెను. చక్కెరవ్యాధివలన స్పర్శ తగ్గిన పాదములలో గ్రుచ్చనీయరాదు. సూదివైద్యులెవరైన ఇచ్చినను, పేరు తెలియని చీనా మూలికలు అసలే వలదు: కొన్ని చీనా మూలికలు మూత్రపిండములను చెరచునని 1993లో బెల్జియం వైద్యులు వెల్లడించిరి; అందుకు కారణము అరిస్టోలోకియా జాతి మూలికలని తరువాత తేలెను.